కాలదోషం పట్టిన బాకీకి వసూలు ఫోన్లు: రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ సేవ మాకు ఎంతవరకు పనికొచ్చింది

ముందే చెప్పేస్తాను, ఐదుకు నాలుగు ఇస్తాను. పాత క్రెడిట్ కార్డు బాకీ పేరుతో మా అక్కని నెలల తరబడి పీక్కుతిన్న ఫోన్లు ఆగింది, బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఈ అంబుడ్స్‌మన్ సేవ వల్లే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో కింద చెబుతాను. అయితే ఈ సేవ పనిచేయాలంటే దానికి ముందు మనం చేయాల్సినవి, అంతకన్నా ముఖ్యంగా చేయకూడనివి కొన్ని ఉన్నాయి. అవి తెలియక చాలామంది మొదటి ఫోన్‌కే చిక్కుకుపోతున్నారు. ఈ రివ్యూలో ఎక్కువ భాగం వాటి గురించే.

అక్క ప్రైవేటు స్కూల్లో టీచర్. ఒక ప్రైవేటు బ్యాంకు కార్డు ఉండేది. బావగారి ఆరోగ్యం దెబ్బతిని ఆసుపత్రి ఖర్చులు మీద పడ్డాక కట్టలేకపోయింది. చివరిసారి డబ్బు కట్టింది 2015 ఆగస్టులో. అప్పటికి 60 వేల చిల్లర ఉంది. కొన్నాళ్లు ఫోన్లు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. ఏళ్లు గడిచాక ఒక కొత్త గొంతు, 3 లక్షల 40 వేలు కట్టాలంటూ. "మేడమ్, ఈరోజు టోకెన్‌గా ఐదు వేలు వేయండి చాలు, కేసు ఆపించేస్తాను" అని తీయగా మొదలుపెట్టి, వేయకపోతే రేపు ఇంటికి పోలీసులు వస్తారని ముగించేవాడు. రాత్రి ఎనిమిది దాటాక కూడా చేసేవాడు. ఒకరోజు స్కూలు హెడ్‌మిస్ట్రెస్ గారికే ఫోన్ చేసి "మీ టీచరు మీద కేసుంది" అన్నాడు. అక్క ఆ రోజు క్లాసు మధ్యలో వచ్చేసి నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, ఐదు వేలే కదా, వేసేస్తే పోతుందేమో" అంది.

వేయొద్దన్నాను. ఎందుకో చెప్పాలంటే మా నాన్న గురించి చెప్పాలి.

నాన్న దస్తావేజు లేఖరి. ప్రామిసరీ నోట్లు ఎన్నో రాశారు. మూడేళ్లు నిండబోతున్నాయంటే చాలు, అప్పిచ్చినవాళ్లు అప్పు తీసుకున్నవాళ్లని వెంటబెట్టుకుని వచ్చేవారు. ఎంతో కొంత, వంద రూపాయలైనా సరే, కట్టించి, నోటు వెనక చెల్లు రాయించి, తేదీ వేయించి, సంతకం పెట్టించుకుని వెళ్లేవారు. ఆ చెల్లు పడిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. అది మర్చిపోయి ఆలస్యంగా వచ్చినవాళ్ల నోటు నాన్న తిప్పి చూసి, "దీనికి కాలదోషం పట్టిందండీ, కోర్టులో నిలవదు" అని తిరిగి చేతిలో పెట్టేవారు. క్రెడిట్ కార్డు బాకీకైనా, పర్సనల్ లోనుకైనా వర్తించేది ఆ 1963 నాటి కాలపరిమితి చట్టమే. ఫోన్లో టోకెన్ పేరుతో అడుగుతున్నది నోటు వెనక ఆ చెల్లే.

ఇక్కడ చట్టం కొంచెం జాగ్రత్తగా చదవాలి, సగం తెలిసి ధైర్యపడితే ప్రమాదం. తాకట్టు లేని అప్పుకు దావా వేసే గడువు సాధారణంగా 3 ఏళ్లు. ఇల్లో పొలమో తనఖా పెడితే 12 ఏళ్లు. గడువు లోపల బాకీ ఉందని సంతకంతో ఒప్పుకుంటే 18వ సెక్షన్ కింద, కొంత కట్టి దానికి మన రాత ఉంటే 19వ సెక్షన్ కింద లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. గడువు దాటిపోయాక ఈ రెండూ పాత బాకీని లేపలేవు. అలాగని అప్పుడు ఏం చేసినా పర్లేదనుకోవద్దు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 25(3) అనే క్లాజు ఉంది. కాలం చెల్లిన బాకీని కడతానని రాసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందం, దాని మీద దావా నడుస్తుంది. కాబట్టి వాళ్లు పంపే సెటిల్మెంట్ కాగితం మీద సంతకం, ఓటీపీతో ఈ-సైన్, "వచ్చే నెల నుంచి కడతాను" అని ఒక ఈమెయిల్, ఇవేవీ చేయకూడదు. సెక్యూరిటీ పేరుతో చెక్కు అసలే ఇవ్వకూడదు. బాకీ కట్టలేకపోవడం నేరం కాదు, చెక్కు బౌన్సయితే మాత్రం క్రిమినల్ కేసే.

గడువు లెక్కలో ఇంకొకటి. కరోనా కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు చెప్పింది. 2019లోనో 2020లోనో కట్టడం ఆపినవాళ్లు మూడేళ్లు దాటాయని తొందరపడితే దెబ్బతింటారు. అక్క విషయంలో 2018లోనే గడువు అయిపోయింది కాబట్టి మాకు ఆ గొడవ లేదు. అలాగే ఎప్పుడో కోర్టు డిక్రీ, అంటే బాకీ కట్టమనే తీర్పు, ఇచ్చేసి ఉంటే దాన్ని అమలు చేయించుకోవడానికి 12 ఏళ్లు ఉంటుంది. అందుకే మేము మొదట చేసిన పని, కోర్టు కేసుల వివరాలు చూపించే ఈకోర్ట్స్ సైటులో అక్క పేరు మీద కేసేమైనా ఉందేమో వెతకడం. ఏదీ లేదు.

రెండో పని క్రెడిట్ రిపోర్టు తీయడం. మన దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు కంపెనీలు ఉన్నాయి, ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. డబ్బు కట్టి ప్లాను తీసుకోమని స్క్రీన్ మీద అడుగుతుంటారు, ఉచితం అన్న చోటు వెతికి అదే నొక్కండి. రిపోర్టులో చూడాల్సింది స్కోరు కాదు. ఆ కార్డు ఖాతా వివరాల్లో చివరి చెల్లింపు తేదీ అని ఒక గడి ఉంటుంది, దాని పక్కనే బ్యాంకు సమాచారం పంపిన తేదీ అని ఇంకోటి ఉంటుంది. అక్క రిపోర్టులో మొదటి గడిలో 2015 ఆగస్టు, రెండో గడిలో మొన్నటి నెల. వసూలు మనిషి ఈ రెండో తేదీ పట్టుకునే "మేడమ్, మీ ఖాతా ఇంకా నడుస్తూనే ఉంది" అని దబాయించాడు. బ్యాంకు నెలనెలా సమాచారం పంపినంత మాత్రాన గడువు పెరగదు. ఖాతా పక్కన రైట్-ఆఫ్ అని ఉంటే బాకీ మాఫీ అయిందనీ కాదు, అది బ్యాంకు తన పుస్తకాల్లో రాసుకున్న లెక్క. మాకు పనికొచ్చింది మొదటి గడి. ఆ పేజీని ప్రింటు తీసి పెట్టుకున్నాం.

ఇంతలో వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. పైన మూడు సింహాల బొమ్మ, కింద ఎర్ర అక్షరాల్లో లోక్ అదాలత్ నోటీసు అని, దాని కింద అరెస్టు వారెంటు అనే మాట రెండుసార్లు. ఏ కోర్టో లేదు, కేసు నంబరు లేదు, కోర్టులో ప్రతి కేసుకూ ఇచ్చే, 16 అక్షరాలూ అంకెలూ కలిసి ఉండే సీఎన్ఆర్ నంబరు లేదు, సంతకం చోట గుండ్రటి ముద్ర బొమ్మ. పేజీ అడుగున మాత్రం ఒక క్యూఆర్ కోడు, ఎవరో వ్యక్తి పేరు మీద. లోక్ అదాలత్ అరెస్టు వారెంట్లు ఇవ్వదు. ఇరు పక్షాలూ ఒప్పుకుంటేనే అక్కడ రాజీ జరుగుతుంది. అయితే నిజమైన లోక్ అదాలత్‌లో ఒప్పుకుని సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కాబట్టి నిజమైన నోటీసు వచ్చినా వెళ్లండి, వినండి, కాలదోషం పట్టిన బాకీకి అక్కడ భయంతో సంతకం పెట్టకండి.

తర్వాత బ్యాంకుకు ఉత్తరం రాశాం. రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి నేరుగా వెళ్తే ఫిర్యాదు తీసుకోరు. ముందు బ్యాంకును అడగాలి, 30 రోజులు చూడాలి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, 2021 పథకం ప్రకారం ఆ తర్వాత ఏడాదిలోపు ఫిర్యాదు చేయొచ్చు. ఉత్తరం మొదటి వాక్యం నేను చాలాసేపు ఆలోచించి రాశాను: "ఈ బాకీ ఉందని నేను ఒప్పుకోవడం లేదు, కడతానని హామీ ఇవ్వడం లేదు, కింది వివరాలు మాత్రమే అడుగుతున్నాను." అడిగినవి: చివరిసారి డబ్బు జమ అయిన తేదీ, 60 వేలు 3 లక్షల 40 వేలు ఎలా అయిందో చూపించే పూర్తి స్టేట్‌మెంటు, ఖాతా ఇంకా బ్యాంకు దగ్గరే ఉందా లేక ఎవరికైనా అమ్మారా, ఫోన్ చేస్తున్న ఏజెన్సీ పేరు, దానికి బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం. దాంతోపాటు కాలపరిమితి చట్టం ప్రకారం గడువు దాటిందని ఒక వాక్యం. ఏడుపులు, తిట్లు, ఇంటి కష్టాలు ఏవీ రాయలేదు. అక్క రాయాలంది, వద్దన్నాను. "అప్పుడు కట్టలేకపోయాను" అన్న మాట కూడా ఒప్పుకోలు కిందకు రావచ్చు. స్పీడ్ పోస్టులో ఒకటి, గ్రీవెన్స్ ఈమెయిల్‌కు ఒకటి పంపాం.

ఆ 30 రోజుల్లో బ్యాంకు నుంచి వచ్చింది "మీ ఫిర్యాదు అందింది" అన్న మెసేజి మాత్రమే. అప్పుడు పోర్టల్ తెరిచాం.

ఈ సేవ ఒకే పథకంగా 2021 నవంబర్ 12న మొదలైంది. అంతకుముందు బ్యాంకులకు ఒకటి, ఎన్‌బీఎఫ్‌సీలకు (అప్పులిచ్చే బ్యాంకేతర కంపెనీలకు) ఒకటి, డిజిటల్ లావాదేవీలకు ఒకటి వేరువేరుగా ఉండేవి, అన్నీ ఒకే చోటికి తెచ్చారు. క్రెడిట్ రిపోర్టు కంపెనీలను 2022 సెప్టెంబర్ నుంచి చేర్చారు. పోర్టల్ పేరు సీఎంఎస్, రిజర్వ్ బ్యాంకు సైటులోనే లింకు ఉంటుంది. ఫోన్ నంబరు ఇచ్చి ఓటీపీ కొడితే ఫారం తెరుచుకుంటుంది. ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేశారా, ఎప్పుడు, ఇదే విషయం కోర్టులో ఉందా, లాయరు ద్వారా పంపుతున్నారా అని అడుగుతుంది. ఈ ప్రశ్నలు ఊరికే అడగరు, ఒక్కదానికి జవాబు తేడా వచ్చినా ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది. కంప్యూటర్ తెలియనివాళ్లు చండీగఢ్‌లోని కేంద్రానికి నిర్ణీత ఫారంలో పోస్టులో కూడా పంపొచ్చు. 14448కి ఫోన్ చేస్తే ఎలా నింపాలో తెలుగులో చెబుతారు. అక్క అడిగిన ప్రశ్నలకు అటువైపు అమ్మాయి ఓపిగ్గా జవాబు చెప్పింది, అది ప్రత్యేకంగా రాయాలనిపించింది. నెలలుగా ఫోన్లో బెదిరింపులే విన్న మనిషికి ఆ మర్యాదే సగం ధైర్యం ఇచ్చింది.

ఫిర్యాదులో ఏం రాశామన్నదే ఇక్కడ అసలు సంగతి. "ఈ బాకీ చెల్లదని తేల్చండి" అని రాయలేదు. అంబుడ్స్‌మన్ చూసేది బ్యాంకు సేవలో లోపం ఉందా లేదా అని, బాకీ చెల్లుతుందా లేదా అని తేల్చేది కోర్టు. అందుకని వసూలు పద్ధతి మీదే రాశాం. రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టు 12న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు, ఇంట్లోవాళ్ల, స్నేహితుల జోలికి పోకూడదు, పేరు చెప్పకుండా ఫోన్లు చేయకూడదు. ఏజెంటు ఏం చేసినా బాధ్యత బ్యాంకుదే. ఒక్కో నిబంధన పక్కన మా ఆధారం పెట్టాం: సమయాలు కనిపించే కాల్ లాగ్ స్క్రీన్‌షాట్లు, ఒక రికార్డింగ్‌లోని మాటలు రాసిన కాగితం, హెడ్‌మిస్ట్రెస్ గారు ఇచ్చిన రెండు వాక్యాల లేఖ, ఆ దొంగ పీడీఎఫ్. ఆవిడ లేఖ ఇస్తారో ఇవ్వరో అని అక్క భయపడింది. అడగ్గానే రాసిచ్చారు.

ఫిర్యాదు నంబరు వెంటనే వచ్చింది, ఎక్కడిదాకా వెళ్లిందో అదే పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఫిర్యాదు బ్యాంకుకు చేరాక ఫోన్లు ఆగిపోయాయి. కొంతకాలానికి బ్యాంకు నుంచి రాతలో జవాబు వచ్చింది. ఖాతాను ఆ ఏజెన్సీ నుంచి వెనక్కి తీసుకున్నామని, 2015 ఆగస్టు తర్వాత చెల్లింపు ఏదీ లేదని అందులో ఉంది. ఆ రెండో వాక్యం మాకు బంగారం. రేపు ఎవరైనా ఈ ఖాతా కొనుక్కుని వచ్చి మధ్యలో ఎప్పుడో కట్టారు కదా అంటే చూపించడానికి బ్యాంకు కాగితమే ఉంది. 2021 పథకంలో వేధింపులకు, మానసిక వేదనకు 1 లక్ష రూపాయల దాకా పరిహారం ఇప్పించే అధికారం కూడా అంబుడ్స్‌మన్‌కు ఉంది. అక్క అడగనంది, ఫోన్లు ఆగితే చాలంది. నేనైతే అడిగేవాణ్ణి.

ఇక తగ్గించిన మార్కు. ఫిర్యాదు మూసేసిన ప్రతిసారీ అప్పీలు చేసుకోలేం, కొన్ని కారణాలకే ఆ వీలుంది. వేధింపులు రుజువు చేయాల్సిన భారం మొత్తం భయపడుతున్న మనిషి మీదే పడుతుంది. స్క్రీన్‌షాట్లు తీసిపెట్టే ఓపిక, తెలివి అందరికీ ఉండవు. వసూలు ఫోన్ల రికార్డింగులు బ్యాంకుల దగ్గరే ఉన్నప్పుడు ముందు వాళ్లనే తెమ్మనాలి. అన్నిటికన్నా పెద్ద లోటు, రిజర్వ్ బ్యాంకు దగ్గర రిజిస్టర్ కాని లోన్ యాప్‌లు ఈ పరిధిలోకి రావు. ఎక్కువ మంది ఏడుస్తున్నది వాటి వల్లే. వాటి మీద రిజర్వ్ బ్యాంకు వారి సచేత్ పోర్టల్‌లో, మోసపోయి డబ్బు పంపితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయాలి.

ఇదే సమయంలో అక్క ఒక లోన్ సెటిల్మెంట్ కంపెనీ ప్రకటన చూసి వాళ్లతో మాట్లాడింది. ముందు ఫీజు కట్టాలి, ఒక అధికార పత్రం మీద సంతకం పెట్టాలి. ఆ పత్రం రెండో పేజీలో "నేను పై బాకీ ఉన్నానని, పరిష్కార మొత్తాన్ని వాయిదాల్లో చెల్లిస్తానని" ఒక లైను ఉంది. కాలదోషం పట్టిన బాకీకి ఆ లైను ఎంత పని చేస్తుందో పైన చెప్పాను. ఆ సేవకు సున్నా.

దానికి బదులు జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ లాయరు సాయం ఉచితం, తక్కువ ఆదాయం ఉన్న ఇతరులకు కూడా ఇస్తారు. మేము వెళ్లింది ఒక్క సందేహం తీర్చుకోవడానికి: నిజంగా సమన్లు వస్తే ఏం చేయాలి? అక్కడి లాయరు గారు చెప్పింది ఇది. గడువు దాటిన దావాను ప్రతివాది అడగకపోయినా కొట్టేయాలని కాలపరిమితి చట్టం 3వ సెక్షన్ చెబుతోంది. కానీ మనం వెళ్లకపోతే మన వాదన వినకుండానే ఇచ్చే ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చే ప్రమాదం ఉంటుంది, అప్పుడు దాన్ని తీసేయించడానికి తిరగాలి. అందుకని వాయిదాకు వెళ్లాలి, 30 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయాలి, అందులో కాలపరిమితి అభ్యంతరం రాయాలి. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి విచారణ) నోటీసు వచ్చినా ఇదే, కాలపరిమితి చట్టం అక్కడా వర్తిస్తుంది. నిజమైన కాగితాన్ని దొంగ కాగితం అనుకుని పక్కన పడేస్తేనే నష్టం.

ఇదంతా చదివి, తీసుకున్న అప్పు ఎగ్గొట్టడం నేర్పిస్తున్నానని ఎవరికైనా అనిపిస్తే, నా ఉద్దేశం అది కాదు. గడువు దాటితే దావా వేసే హక్కు పోతుంది, బాకీ పోదు. కట్టగలిగినవాళ్లు కట్టాలనుకుంటే కట్టొచ్చు, అక్కకూ ఆ ఆలోచన ఉంది. కానీ ఎంత కట్టాలో, ఎలా కట్టాలో భయంలో తేల్చుకోకూడదు. ఇంత కడితే ఖాతా పూర్తిగా ముగిసినట్టేనని బ్యాంకు లెటర్‌హెడ్ మీద ముందు రాసివ్వాలి, డబ్బు ఏజెంటు యూపీఐకి కాకుండా నేరుగా ఆ కార్డు ఖాతాలోకే వెళ్లాలి, తర్వాత బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. తగ్గించి కడితే రిపోర్టులో సెటిల్డ్ అని పడుతుంది, పూర్తిగా కట్టినదానితో సమానంగా చూడరు, అది కూడా తెలిసే చేయాలి. ఇంకో జాగ్రత్త: జీతం ఖాతా అదే బ్యాంకులో ఉంటే అందులోంచి సర్దుబాటు చేసుకునే హక్కును కార్డు ఒప్పందాల్లో రాసుకుంటారు. అక్క జీతం వేరే బ్యాంకులో పడుతుంది కాబట్టి మాకు ఆ టెన్షన్ లేదు.

ఇప్పుడు మిగిలింది క్రెడిట్ రిపోర్టు. ఖాతా అందులో ఇంకా ఉంది, దాన్ని తీసేయమని అడిగే హక్కు మనకు గడువు దాటినంత మాత్రాన రాదు. కానీ బాకీ మొత్తం కింద చూపిస్తున్న అంకె బ్యాంకు పంపిన స్టేట్‌మెంటుతో కలవడం లేదు. తప్పు సరిచేయమని రిపోర్టు కంపెనీకి ఫిర్యాదు పెట్టాం. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఏమవుతుందో ఈ రివ్యూ కిందే రాస్తాను.